బ్రౌను దొర - పల్లె నుడి

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలోను, కృష్ణకు ఉత్తరపు గట్టుననున్న వనపర్తి, కొల్లాపురము, నాగరుకర్నూలు ప్రాంతములలోను పుస్తకమనగా నొకప్పుడు తాటియాకుల కట్ట. దానిని గంటముతో వ్రాసినవాడొకడు, గుడ్డలో చుట్టి అటుకమీద దాచినవాడు మరియొకడు, పండుగనాడు దింపించి చదివించి వినినవారు నలుగురు. గద్వాల ప్రభువులు పండితులను సత్కరించుటచేత ఆ యూరికి విద్వద్గద్వాల యను పేరు వచ్చినది. జటప్రోలు ప్రభువైన సురభి మాధవరాయలు చంద్రికాపరిణయమను శ్లేషకావ్యమును స్వయముగా రచించెను. నేడు నందివడ్డెమానుగా పిలువబడుచున్న వర్ధమానపురము నేలిన గోనవారి వంశమువాడే రంగనాథ రామాయణ ద్విపదకర్తగా ప్రసిద్ధికెక్కిన గోన బుద్ధారెడ్డి. ఇంతటి సాహిత్యసంపద కలిగియు, అది యూరి రైతు చేతిలోనికి వచ్చినది కాదు. ఉన్నది ఒకే తాటియాకు ప్రతి; దానికి చెదలు పట్టెనా, కావ్యమే పోయినట్లు.

అట్టి తాటియాకులను కాగితము మీదికిని, కాగితమునుండి అచ్చులోనికిని తెచ్చినవారిలో ముందుగా చెప్పదగినవాడు తెలుగు మాతృభాష కానివాడు. ఆయన పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆయన ఈ సంస్థానములలో కొలువు చేసినవాడు కాడు. నైజాము రాజ్యము వేరు, కుంపిణీ రాజ్యము వేరు; ఆయన పనిచేసిన కడప, మచిలీపట్నము, రాజమహేంద్రవరము, మద్రాసు అన్నియు కుంపిణీ సీమలోనివి. ఐనను ఈ పల్లెలలో తెలుగు నిఘంటువు తెరచినవారెవరును ఆయన ఋణము తప్పించుకొనలేరు. కావున ఆయన చరిత్రము ఇచ్చటి చదువరులకును పరాయిది కాదు.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ గురువు. కలకత్తాలోని ఫోర్టు విలియము కళాశాలయందు పెద్ద పదవిలో నుండినవాడు. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. కుంపిణీ కొలువునకు కుర్రవారిని తయారుచేయు హెయిలీబరీ కళాశాలలో చదివి, పందొమ్మిదియేండ్లు నిండకముందే, 1817 ఆగస్టులో బ్రౌను మద్రాసున ఓడ దిగెను. అచ్చటి సెయింటు జార్జి కోట కళాశాలలో దొరలకు దేశభాషలు నేర్పుచుండిరి. బ్రౌనునకు తెలుగు ఓనమాలు నేర్పిన గురువు వెలగపూడి కోదండరామ పంతులు. 1820లో పరీక్షలో కృతార్థులైన విద్యార్థులతో గవర్నరు సర్ తామస్ మన్రో మాటలాడుచు, ప్రజల భాష రాని యధికారి ప్రజలకు న్యాయము చేయజాలడని బోధించెను. ఆ మాట విన్నవారు పెక్కురు, పట్టుకొన్నవాడు బ్రౌను.

ఆ సంవత్సరమే ఆయన కడపలో కలెక్టరు హాన్బరీ క్రింద ఉద్యోగమున చేరెను. హాన్బరీ రైతులతో తెలుగున ధారాళముగ మాటలాడువాడు. మద్రాసు కళాశాలలో నేర్చినది కడప కచేరీలో చాలదని బ్రౌనునకు తెలియుటకు ఎన్నో దినములు పట్టలేదు. పరీక్షకు చదివిన తెలుగు ఒకటి, అర్జీ పట్టుకొని వచ్చిన రైతు నోటి తెలుగు ఒకటి. సంస్కృత వ్యాకరణము చదివిన పండితుడు రైతు మాటను గ్రామ్యమని త్రోసివేయును. ఇక కచేరీ గుమాస్తా దస్తరములోని భాష మూడవది. అందు పారసీకము, మరాఠీ, అరవము, కన్నడము అన్నియు కలిసియుండును. ఈ మూడింటిని ఒక్కచోట కూర్చి నేర్పు పుస్తకము ఆనాడు లేదు. పుస్తకములు లేకపోలేదు: మచిలీపట్నపు వర్తకుడు మామిడి వెంకయ్య ఆంధ్రదీపికయను నిఘంటువును అదివరకే కూర్చియుండెను, క్యాంబెల్ దొర వ్యాకరణమును 1816లోను, నిఘంటువును 1821లోను ప్రకటించెను. కాని వీనియందు గ్రంథభాషకే పెద్దపీట. పల్లె నుడికి చోటు తక్కువ.

అప్పటికి ఐరోపాలో భారతదేశ సాహిత్యమనగా సంస్కృతమే. విలియం జోన్సు శాకుంతలమును 1789లో ఆంగ్లీకరించినది మొదలు ఆ ఖండపు పండితులు కాళిదాసును వేనోళ్ల కొనియాడుచుండిరి. దేశభాషలలో చదువదగిన కవి యున్నాడని తలచినవారు అరుదు. బ్రౌనునకు ఆ తలపు కలుగుటకు కారణము ఒక ఫ్రెంచి గురువు. దుబ్వా యను నాతడు దక్షిణదేశ ప్రజల ఆచార వ్యవహారములను గూర్చి వ్రాసిన గ్రంథమున వేమన పేరు ఎత్తెను. 1824 ప్రాంతమున మచిలీపట్నములో నుండగా బ్రౌను ఆ గ్రంథమును చదివి, ఈ వేమన ఎవరని విచారించెను. పండితులు పెదవి విరిచిరి. అది కావ్యము కాదు, శాస్త్రము కాదు, గొల్లలును కాపులును పాడుకొను మాటలని కొందరి యభిప్రాయము. అంతటితో ఊరకున్నచో కథ ముగియవలసినదే. కాని పండితులు వలదన్నదానిని పల్లెలు ఇన్ని తరములు ఏల నోట పట్టియున్నవని బ్రౌనునకు సందేహము కలిగెను.

ఆయన ప్రతులు తెప్పించెను. ఒక ప్రతిలోనున్న పద్యము మరియొక ప్రతిలో లేదు. ఉన్నను పాదములు తారుమారు. ఒకచోట తప్పు వ్రాసినది మరియొకచోట ఒప్పుగా దొరకును. తాటియాకు మీద వ్రాయు వ్రాయసకాండ్రు అర్థము తెలియకయే గీకినవి కొన్ని, తెలిసి దిద్దినవి కొన్ని. ప్రతులన్నింటిని ఎదురెదురుగా నుంచి, పద్యమునకు పద్యము సరిచూపించి, పాఠాంతరములను గుర్తించి, శుద్ధప్రతిని సిద్ధము చేయించుటయే ఆయన పద్ధతి. లెక్కలు చూచువారికి ఇది తెలిసిన పనియే: రెండు చిట్టాలు కలియనిచో మూడవదానిని తెప్పించి నిజము తేల్చుటవంటిది. ఇట్లు తేల్చిన 693 పద్యములు ఆంగ్లానువాదముతో 1829లో మద్రాసున అచ్చుపడెను. పది సంవత్సరములకు, 1839లో, పద్యముల సంఖ్య 1164కు పెరిగిన రెండవ కూర్పు వెలువడెను. అనువాదము పద్యములో లేదు, వచనములో నున్నది. ఆటవెలది నడకలోని విసురు, చివరిపాదపు కొరడాదెబ్బ ఆంగ్లమున కానరావు. ఐనను అర్థమును దాచలేదు, మెత్తపరచలేదు. వేమనను విదేశముల చదువరులకు చూపించినది ఈ పుస్తకము. అంతకంటె ముఖ్యముగా, వేమనను తెలుగు పండితులకే మరల చూపించినది.

అనువాదకుని పేరు అట్టమీద నుండును. ఆయనకు చేయూతనిచ్చినవారి పేళ్లు లోపలనైన అన్నివేళల నుండవు. బ్రౌను విషయమున ఈ పేళ్లు కొంతవరకు నిలిచినవి, అందుకు ఆయనయే కారణము. 1826 ప్రాంతమున మరల కడపకు వచ్చినప్పుడు ఆయన అచ్చట తోటతో కూడిన ఒక బంగళా కొనెను. అందులో పండితులకు, వ్రాయసకాండ్రకు చోటిచ్చి, తన జీతములోనుండి వారికి జీతములిచ్చి పనిచేయించెను. జనులు దానిని బ్రౌను కాలేజి యనిరి. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య ఆ కొలువులోని ప్రముఖులు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి యనువాడు ఆ వ్యవహారమంతయు చక్కబెట్టెను. వసుచరిత్రమును 1844లోను, మనుచరిత్రమును 1851లోను బ్రౌను అచ్చువేయించినప్పుడు వానికి టీక వ్రాసినవాడు జూలూరి అప్పయ్యయే. గురువు నోట వినక అర్థము కాని ప్రబంధము, టీకతో అచ్చుపడగా, ఇంటనే కూర్చుండి చదువుకొనగల పుస్తకమైనది. గురుకులము దొరకనివారు కావ్యములు చదువనేర్చుట ఇట్టి టీకల చలువయే. అప్పయ్య శాస్త్రము అప్పయ్యది, ధనము బ్రౌనుది. ఒకటి లేక రెండవది లేదు. బ్రౌను తన వ్రాతలలో పండితులను కసరుకొనిన సందర్భములును కలవు. గర్వము, తొందర, తన మాటయే నెగ్గవలెనను పట్టుదల ఆయన స్వభావములో నుండినవి. ఐనను పండితులను పోషించి అప్పులపాలైనవాడు ఆయనయే.

ఉద్యోగమున ఆయనకు కలిసిరాలేదనియే చెప్పవలెను. 1832-33లో నందననామ సంవత్సరపు కరవు గుంటూరు సీమను ఊడ్చిపెట్టినది. జనులు దానిని డొక్కల కరవనిరి. బ్రౌను తన జాబులలో దానిని కరవు అనియే పేర్కొనెను. పై యధికారులకు ఆ మాట కటువుగా తోచినది. కొరత యనినచో వారికి సమ్మతము. మాట ఎక్కువైనచో శిస్తు తక్కువగునని సర్కారు భయము కాబోలు. నిఘంటుకర్త కాబోవువానికి ఒక మాటకు బదులు మరియొక మాట వాడుట యెట్లు సాధ్యము? ఆ తరువాత ఆయన లండను చేరి, 1835 మొదలు కొంతకాలము అచ్చట నుండెను. ఊరక యుండలేదు. కుంపిణీవారి గ్రంథాలయములో మూలబడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను పరిశీలించి పట్టిక వ్రాసి, హోరేస్ విల్సను పండితుని సాయముతో వానిని మద్రాసునకు తరలింపజేసెను. సముద్రము దాటిపోయిన తాళపత్రములు తిరిగివచ్చుట అరుదైన సంగతి.

1838లో మద్రాసున పారసీక అనువాదకుడుగా చేరినది మొదలు 1855లో దేశము విడుచువరకును గల కాలము ఆయన పనికి పంటకాలము. తపాలాశాఖకు అధిపతిగా నుండెను, కళాశాల పరీక్షాసంఘమున నుండెను, తెలుగు అనువాదకుడుగా నుండెను. ఈ పదవుల వివరములు చదువరులకు అంత యుపయోగింపవు. 1840లో తెలుగు వ్యాకరణము వెలువడెను. 1852లో తెలుగు-ఇంగ్లీషు, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు మద్రాసు వేపేరిలోని క్రైస్తవ విజ్ఞానసంఘపు అచ్చుకూటమున అచ్చయ్యెను. మాటకు అర్థము చెప్పి ఊరకుండక, కవిప్రయోగమును చూపి, ప్రక్కనే జనుల వాడుకను చూపుట ఆ నిఘంటువు విశేషము. భారతములోని మాటయు బజారులోని మాటయు ఒకే పుటలో ఇరుగుపొరుగుగా నున్నవి. శకటరేఫము, అరసున్న సామాన్య చదువరికి బరువని తలచి అచ్చులో వానిని తగ్గించుటకు యత్నించెను. పండితులు దీనిని మెచ్చలేదు. నేడు అచ్చగు పుస్తకములు తెరచి చూచినచో ఎవరిమాట నెగ్గినదో తెలియును.

చిన్నయసూరి నీతిచంద్రికను 1853లోను, బాలవ్యాకరణమును 1858లోను ప్రకటించెను. ఇరువురును మద్రాసువారే, ఒకే కాలమువారు. సూరి భాషకు గట్టు వేసెను. బ్రౌను ఏటినీరు ఎక్కడెక్కడ పారుచున్నదో చూచి పటము గీసెను. సూరి వాక్యములోని అందము బ్రౌనునకు ఎన్నడును అబ్బలేదు. కాని రైతు వ్రాసికొనిన కౌలునామా అర్థము కావలెనన్న సూరి వ్యాకరణము పనికిరాదు, బ్రౌను నిఘంటువు పనికివచ్చును.

దానికై ఆయన వేరుగా రెండు పుస్తకములే కూర్చెను. వ్యవహారములో వాడబడు మాటలకు 1852లో జిల్లా నిఘంటువు, తెలుగున కలిసిన అన్యదేశ్యములకు 1854లో మిశ్రభాషా నిఘంటువు. ఈ రెండవదానిని గూర్చి విమర్శకులు చెప్పినది తక్కువ. ఈ సీమవారికి మాత్రము ఇదియే దగ్గరి పుస్తకము. కచేరి, జమాబంది, వసూలు, బాకీ, జప్తు, రసీదు, దస్తావేజు, ఇనాము, ఫసలీ - ఇట్టి మాటలు లేనిదే పాలమూరు పల్లెలలో ఒక్క దినమైన గడచినది కాదు. నైజాము పాలనలో దస్తరము ఉర్దూ, అంతకుముందు పారసీకము; ఊరి లెక్క తెలుగు. ఈ రెంటికి నడుమ కరణము కూర్చుండి, పారసీకపు మాటకు తెలుగు విభక్తి తగిలించి, జమను జమగా, ఖర్చును ఖర్చుగా వ్రాసికొనుచు వచ్చెను. దానిని సంకరభాషయని నవ్వినవారు కలరు. ఆ మాటలు భాషలోని మాటలే కావనినచో, ఆ మాటలతో వ్రాయబడిన పట్టాలకు, తగాదాలకు, ఋణములకు అర్థము చెప్పువాడెవడు? అర్థము తెలియని కాగితము మీద వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకొనిన రైతుల కథలు ప్రతి యూరను కలవు. అన్యదేశ్యమును నిఘంటువున కెక్కించుట పాండిత్య విషయము మాత్రమే కాదు. అందు మెతుకు విషయమును కలదు.

కరణములకు బ్రౌను చేసిన మేలు మరియొకటి కలదు. కర్నల్ మెకంజీ 1821లో మరణించుటకు ముందు ఊరూర తన మనుష్యులను పంపి, కరణముల కవిలెలు, శాసనములు, పెద్దల నోటిమాటలు ఆధారముగా గ్రామ కైఫీయత్తులను వ్రాయించెను. ఆ కాగితములు మద్రాసున పురుగు పట్టి శిథిలమగుచుండగా బ్రౌను వానిని మరల శుద్ధప్రతులుగా వ్రాయించెను. అవి 60 సంపుటములకు పైబడినవి. నేటి చరిత్రకారులు ఊరి చరిత్ర వ్రాయుటకు తెరచి చూచునది అనేక పర్యాయములు ఈ ప్రతులనే. అనంతపురపు పాలెగాండ్ర చరిత్రను బ్రౌను ఆంగ్లీకరించి 1853లో రాజుల యుద్ధములను పేర ప్రకటించెను. అదియు దేశవాళి చరిత్రయే. తాను సేకరించిన సంస్కృతాంధ్ర వ్రాతప్రతులు రెండువేలకు మించినవానిని మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించెను. అవి కాలక్రమమున ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారము చేరినవి.

ఈ సీమ ఆనాడు మద్రాసునకు తెలియనిది కాదు. 1830 మే నెలలో మద్రాసునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కృష్ణను దాటి పెంట్లవెల్లి, పానుగల్లు మార్గమున హైదరాబాదునకు సాగెను. ఆయన యాత్రాచరిత్ర 1838లో మద్రాసున అచ్చుపడెను. యాత్రికుని తెలుగు ఇచ్చటివారికి తెలిసినది, ఇచ్చటివారి తెలుగు యాత్రికునకు తెలిసినది. రాజ్యములు రెండైనను నుడి ఒకటియే. 1839లో కర్నూలు నవాబును తొలగించి కుంపిణీవారు ఆ సీమను కలుపుకొనిన తరువాత తుంగభద్రయే గద్వాలకు సరిహద్దుగా నిలిచెను. పుస్తకములు మాత్రము ఏరు దాటుటకు చాల కాలము పట్టినది.

ఇచ్చట బ్రౌను మాట నొకదానిని సరిచూడవలసియున్నది. ముదిమిలో లండనున నుండి తన సాహిత్యజీవితమును తలచుకొనుచు, 1825 ప్రాంతమున తెలుగు వాఙ్మయము చచ్చియుండెననియు, ముప్పది సంవత్సరములలో దానికి తాను ప్రాణము పోసితిననియు ఆయన వ్రాసికొనెను. ఇది యతిశయోక్తి. అదే కాలమున గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములలో పండితులు పోషింపబడుచునే యుండిరి. ఆ యాదరము తరువాతను తెగలేదు. తిరుపతి వేంకటకవులు అవధానములకై ఈ సంస్థానములకు వచ్చినది అందువలననే. వాఙ్మయము చావలేదు. రాజుగారి చావడిలో నున్నది, పండితుని అటుకమీద నున్నది, వేమన పద్యమై గొల్లవాని నోట నున్నది. బ్రౌను చేసినది ప్రాణము పోయుట కాదు, ముడి విప్పుట. ఆ పని తక్కువదని చెప్పుటకు వీలులేదు. సంస్థానములలో శాలువలు కప్పినవారు పలువురు; ఆ కాలమున కావ్యమును రైతు కొనగల వెలకు అచ్చువేయించిన ప్రభువు ఒక్కడును కానరాడు. శాలువ చినిగినది, సంస్థానములు 1948 తరువాత పోయినవి, అచ్చుకాని కావ్యములు ఎన్ని పోయినవో లెక్క లేదు.

అటుకమీది కట్టలను దింపు పనిని ఈ సీమలో తలకెత్తుకొనినవాడు గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు వాస్తవ్యుడగు సురవరం ప్రతాపరెడ్డి. తెలంగాణమున కవులే లేరను మాట విని, తన గోలకొండ పత్రిక ద్వారా ఊరూరికి విన్నపములు పంపి, 354 మంది కవుల రచనలను కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించెను. బ్రౌను పండితులకు జీతములిచ్చి తెప్పించినదానిని ప్రతాపరెడ్డి ఉత్తరములు వ్రాసి తెప్పించెను. నూరు సంవత్సరముల యెడమున్నను పని యొక్కటే: ఉన్నదానిని ఉన్నదని చూపుట.

బ్రౌను తిరిగి ఈ దేశమునకు రాలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యుడుగా నియుక్తుడై, నేర్చుకొనువారు కొద్దిమందియే యున్నను నేర్పుచుండెను. 1884 డిసెంబరు 12వ తేదీన లండనున కన్నుమూసెను. నిఘంటువును వెంకటరత్నము, క్యాంబెల్, కందుకూరి వీరేశలింగము సవరింపగా 1903లో రెండవ కూర్పు వచ్చినది. అటుపిమ్మట అది అచ్చులో లేని తరము లేదు. ఆయన జాబులను, అచ్చుకాని వ్రాతలను వెదకి వెలికితెచ్చుటకు 1970 తరువాత బంగోరె యను పేర ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి ఎంతయు శ్రమించెను. హైదరాబాదు టాంకుబండు మీద వేమన విగ్రహమును కలదు, బ్రౌను విగ్రహమును కలదు.

కడపలోని బంగళా మాత్రము చేతులు మారి పాడుపడినది. గోడలు కూలి, తుమ్మచెట్లు మొలచిన ఆ స్థలమును జానమద్ది హనుమచ్ఛాస్త్రి మొదలైనవారు గుర్తించి, 1980 తరువాత ఇంటింట చందాలడిగి, బ్రౌను పేర అచ్చట గ్రంథాలయము కట్టించిరి. 2006లో అది యోగివేమన విశ్వవిద్యాలయము క్రిందికి వచ్చి భాషాపరిశోధన కేంద్రమైనది. అప్పయ్య మొదలగు పండితులు కూర్చుండి పాఠాంతరములు చూచిన తావుననే నేడు పుస్తకముల బీరువాలున్నవి.